సవాద్ సీమలో ఒక యాత్రికుడు

హిజ్రీ 580వ సంవత్సరం, ముహర్రం మాసాంతం. క్రీస్తు శకం లెక్కన 1184 మే నెల. హజ్ ముగించుకొని, మదీనా దర్శించి, నజ్ద్ ఎడారిని దాటిన ఇరాఖ్ యాత్రిక బృందం కూఫా పొలిమేరలకు చేరుకున్నది. ఆ బృందంలో పడమటి కొస నుండి, అనగా అందలూసియా నుండి వచ్చిన విద్వాంసుడొకరు ఉన్నారు. ఆయన పేరు అబుల్ హుసైన్ ముహమ్మద్ ఇబ్ను జుబైర్.

ఇబ్ను జుబైర్ 1145లో బలన్సియా నగరంలో జన్మించారు. గ్రనాడాలో మువహ్హిదీ పాలకుని వద్ద లేఖకునిగా పనిచేశారు. ఆ పాలకుడు ఒకనాడు ఆయనచేత బలవంతాన మద్యం తాగించాడనీ, తర్వాత పశ్చాత్తాపపడి తాగించిన ఏడు పాత్రలకు బదులుగా ఏడు పాత్రల దీనారాలు ఇచ్చాడనీ, ఆ ధనంతోనే ఆయన తన దోషానికి ప్రాయశ్చిత్తంగా హజ్ యాత్రకు బయలుదేరారనీ తర్వాతి కాలపు చరిత్రకారులు వ్రాశారు. 1183 ఫిబ్రవరిలో గ్రనాడా విడిచి, జినోవా వారి ఓడలో అలెగ్జాండ్రియా చేరి, నైలు నది వెంబడి ఎగువకు సాగి, ఎర్రసముద్రం దాటి మక్కా చేరుకున్నారు. తాము చూచినదంతా తేదీలతో సహా వ్రాసి పెట్టుకున్నారు. అరబ్బీ సాహిత్యంలో ‘రిహ్లా’ అనే యాత్రాగ్రంథ ప్రక్రియకు ఆయన రచనయే ఒరవడి అయినది.

ఆయన గ్రంథంలో హరమ్ వర్ణనను చదివేవారు అనేకులు. సిసిలీ ముస్లిముల దీనావస్థను గూర్చి వ్రాసిన పుటలూ ప్రసిద్ధములే. కాని కూఫా నుండి మోసుల్ వరకు ఫురాత్, దజ్లా నదుల మైదానంలో ఆయన సాగించిన కొద్ది వారాల ప్రయాణం చరిత్ర విద్యార్థులకు మరొక విధంగా విలువైనది. బాగ్దాద్‌పై హులాగూ దాడి జరిగినది 1258లో. ఇబ్ను జుబైర్ ఆ నేలపై నడిచినది దానికి 74 సంవత్సరాల ముందు. తాతారుల గుర్రపు డెక్కలు తాకకముందు ఆ సీమ ఎలా ఉండెనో చెప్పగల ప్రత్యక్ష సాక్షి ఆయన. ఆ సాక్ష్యం సాధారణంగా వినవచ్చే కథతో ఏకీభవించదు.

సవాద్ అంటే ఏమి?

ఇరాఖ్‌లోని ఈ పల్లపు మైదానాన్ని అరబ్బులు ‘సవాద్’ అని పిలిచారు. సవాద్ అనగా నలుపు. తెలుగు పాఠకునికి ఈ మాట వినగానే నల్లరేగడి నేల తలపునకు రావచ్చు. కాని ఇక్కడి నలుపు మట్టిది కాదు. తెల్లని ఇసుకను చూచి చూచి అలసిన కళ్ళకు దూరం నుండి ఖర్జూర వనాలూ పచ్చని పైర్లూ ముదురు చాయలో ఒక నల్లని గీతవలె కనిపించేవి. ఆ గీతయే సవాద్. ఎడారివాసి పెట్టిన పేరది.

ఈ మైదానంలో వర్షపాతం స్వల్పం. వర్షాన్ని నమ్ముకొని ఇక్కడ సేద్యం సాగదు. పంటంతా కాలువలదే. బాగ్దాద్ పరిసరాలలో ఫురాత్ నది మట్టం దజ్లా మట్టం కంటె ఎత్తుగా ఉంటుంది. కనుక ఫురాత్ నుండి తూర్పుకు తవ్విన కాలువలు వాటంతట అవే దజ్లా వైపు పారుతాయి. నహ్రె ఈసా, నహ్రె సర్‌సర్, నహ్రుల్ మలిక్, నహ్రె కూసా అనే నాలుగు పెద్ద కాలువలు ఈ విధంగా రెండు నదులను కలుపుతూ ఉండేవి. దజ్లాకు తూర్పున సాసానీల కాలంలో విస్తరించిన నహ్రవాన్ అనే మహాకాలువ ఉండేది. ఖలీఫా మన్సూర్ 762లో బాగ్దాద్‌కు ఈ చోటును ఎంచుకొనుటకు ఒక ముఖ్య కారణం ఈ కాలువలే. పంటా పడవా రెండూ నగరద్వారం వరకు వచ్చేవి.

కాని ఈ నదులు మోసుకొచ్చే ఒండ్రు అపారం. ఏటేటా పూడిక తీయకపోతే కాలువ మెరక అవుతుంది. గట్టు కాపలా లేకపోతే వసంతకాలపు వరదకు గండి పడుతుంది. నీరు పెట్టిన పొలం నుండి మురుగు బయటికి పోయే దారి లేకపోతే భూగర్భజలం పైకి వచ్చి, నీరు ఆవిరై, ఉప్పు మిగిలి నేల చవుడు బారుతుంది. కనుక సవాద్ సారవంతమైన నేల అనుట సగం సత్యం మాత్రమే. ఆ సారం ప్రతి సంవత్సరం మనుషుల చేతులమీదుగా తిరిగి సంపాదించుకోవలసినది.

హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయం

ఖాదిసియ్యా విజయం తర్వాత ఈ విశాల సీమ ముస్లిముల వశమైనప్పుడు ఒక గొప్ప ప్రశ్న తలెత్తింది. యుద్ధంలో పాల్గొన్నవారికి ఈ భూములను పంచిపెట్టవలెనా? పంచాలని కోరినవారు సామాన్యులు కారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ ఇబ్ను ఔఫ్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) వంటి ప్రముఖ సహాబీలు ఆ పక్షాన ఉన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) అంగీకరించలేదు. ఈ భూములను నేడే పంచివేస్తే రేపు రాబోయే తరాలకు ఏమి మిగులుతుంది, సరిహద్దులను కాచేవారికీ వితంతువులకూ అనాథలకూ ఎక్కడినుండి ఇవ్వగలము అన్నది ఆయన వాదం. సంప్రదింపులు కొన్నాళ్ళు సాగాయి. హజ్రత్ అలీ, హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ తల్హా (రజి) ఆయనను సమర్థించారు. చివరకు దివ్యఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా వాక్యాలను ఆయన ప్రమాణంగా చూపారు. అందులో ముహాజిర్లు, అన్సార్ల తర్వాత, వారి అనంతరం రాబోయేవారి ప్రస్తావన కూడా ఉన్నది. ఇంకా పుట్టని వారికి కూడా ఈ నేలలో వాటా ఉన్నదని ఆయన గ్రహించారు.

భూములు సాగు చేసుకుంటున్న రైతుల చేతనే ఉండిపోయాయి. వారిపై ఖరాజ్ అనే భూమిశిస్తు విధించబడింది. హజ్రత్ ఉస్మాన్ ఇబ్ను హునైఫ్ (రజి) సవాద్‌ను కొలిపించగా 3 కోట్ల 60 లక్షల జరీబులు తేలినట్లు ఇమాం అబూ యూసుఫ్ తమ ‘కితాబుల్ ఖరాజ్’లో పేర్కొన్నారు. జరీబు అన్న ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. పారశీక రెవెన్యూ పరిభాషతోపాటు దక్కనుకు వచ్చి, కృష్ణాతీరపు గ్రామాలలో నీటి వసతి గల మేలైన భూములకు ‘జరీబు భూములు’ అనే పేరుగా నేటికీ నిలిచియున్నది.

అబూ యూసుఫ్ ఆ గ్రంథాన్ని ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై వ్రాశారు. పెద్ద కాలువల తవ్వకానికీ, దజ్లా, ఫురాత్‌ల గట్లకు పడిన గండ్లను పూడ్చుటకూ అయ్యే వ్యయం బైతుల్‌మాల్ భరించాలనీ, ఆ భారం రైతులపై మోపరాదనీ ఆయన స్పష్టం చేశారు. శిస్తు వసూలును గుత్తకు ఇవ్వరాదని కూడా హెచ్చరించారు. గుత్తదారునికి ఈ సంవత్సరపు లాభమే కావాలి, నేల భవిష్యత్తుతో అతనికి నిమిత్తం లేదు.

కూఫా నుండి బాగ్దాద్ వరకు

ఇప్పుడు ఇబ్ను జుబైర్ వెంట నడిస్తే ఆ నిర్ణయం తర్వాత ఐదున్నర శతాబ్దాలకు సవాద్ ఎలా ఉన్నదో తెలుస్తుంది.

ఆయన మొదట చూచినది కూఫా. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సైనిక స్థావరంగా వెలసి, హజ్రత్ అలీ (రజి)కి రాజధానియై, ఇమాం అబూ హనీఫాకు జన్మస్థానమైన నగరం అది. ఇబ్ను జుబైర్ వచ్చేనాటికి అందులో నివాసాల కంటె శిథిలాలే అధికం. పక్కనే తిరుగాడే ఖఫాజా తెగవారి దోపిడులు దీనికి కారణమని ఆయన వ్రాశారు. ప్రాచీనమైన జామె మస్జిద్ మాత్రం ఎత్తైన రాతి స్తంభాలతో నిలిచి ఉన్నది.

తర్వాత ఫురాత్ ఒడ్డున హిల్లా. బాబిలోన్ శిథిలాలకు సమీపంలో పన్నెండవ శతాబ్ది ప్రారంభాన మజ్యదీ వంశీయులు నిర్మించిన పట్టణమిది. కూఫా కృశిస్తుంటే ఇది పెరుగుతున్నది. నిండైన బజార్లు, ఊరి లోపలా వెలుపలా ఖర్జూర తోటలు, తోటల నడుమ ఇళ్ళు ఆయనకు కనిపించాయి. నదిపై పెద్ద పడవలను ఒడ్డు నుండి ఒడ్డుకు వరుసగా నిలిపి, చేతిమందపు ఇనుప గొలుసులతో బిగించిన పడవల వంతెన ఒకటి ఉన్నది. హాజీల సౌకర్యార్థం ఖలీఫా దానిని నూతనంగా కట్టించాడు. అంతకు ముందు వారు పడవలెక్కి దాటవలసి వచ్చేది.

హిల్లా నుండి బాగ్దాద్‌కు పోయే బాటను ఇబ్ను జుబైర్ మనసారా ప్రశంసించారు. ఊరి వెంట ఊరు, పొలం వెంట పొలం. ఫురాత్ నుండి చీలిన కాలువలు కుడి ఎడమల పారుతున్నాయి. అడుగడుగునా వంతెనలు. హాజీల రక్షణకు ఆ వంతెనల వద్ద కాపలా మనుషులు. దారిలో దూరాన మదాయిన్‌లో కిస్రా ప్రాసాద శిథిలం, ఆ ప్రాంతాననే హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సమాధి.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. కాలువలు బాగున్న చోట పల్లెలు బాగున్నాయి, పట్టణాలు బాగున్నాయి, బాట బాగున్నది. యాత్రికుడు ఈ సంబంధాన్ని సిద్ధాంతంగా చెప్పలేదు. వంతెనలను చూచి సంతోషించారు, అంతే. కాని వంతెన ఉన్నదనగా దాని క్రింద నీరు పారుతున్నదనీ, ఎవరో ఆ కాలువ పూడిక తీస్తున్నారనీ అర్థం.

బాగ్దాద్: పేరు మిగిలిన నగరం

సఫర్ నెల ఆరంభంలో ఆయన బాగ్దాద్ చేరారు. ప్రాచ్యంలోని ఆ మహానగరాన్ని గూర్చి అందలూసియాలో ఎంతో విని ఉంటారు. చూచిన తర్వాత ఆయన కలం నుండి వెలువడినది ఆశాభంగమే. పూర్వ వైభవంలో అత్యధిక భాగం చెరిగిపోయి, ప్రసిద్ధమైన పేరు మాత్రమే మిగిలినదని ఆయన అభిప్రాయం. చూపును ఆకట్టుకొనేది దజ్లా నది ఒక్కటే అన్నారు. నగరవాసుల అహంకారాన్నీ, పరదేశీయుల పట్ల వారి నిరాదరణనూ, బంగారం తూచుటలో వారి మోసాన్నీ దాచకుండా విమర్శించారు.

మన్సూర్ కట్టించిన పడమటి ఒడ్డు చాలా భాగం పాడుపడింది. అయినా అక్కడ 17 మొహల్లాలు ఉన్నాయనీ, ఒక్కొక్కటి ఒక ఊరంత ఉంటుందనీ, ఒక్కొక్కదానిలో రెండు మూడు స్నానశాలలు ఉన్నాయనీ, ఎనిమిదింటిలో జుమా జరుగుతుందనీ లెక్క చెప్పారు. వరద ఉధృతికి పడవల వంతెన కొట్టుకుపోగా జనం పడవలపై రాకపోకలు సాగిస్తున్నారు. తూర్పు ఒడ్డున సుమారు 30 మద్రసాలు ఉన్నాయి. నిజాముల్ ముల్క్ స్థాపించగా ఇమాం గజాలీ బోధించిన నిజామియా వాటిలో సుప్రసిద్ధం. దజ్లా ఒడ్డున ఆస్పత్రి ఉన్నది. సోమ, గురువారాలలో వైద్యులు వచ్చి రోగులను పరీక్షించేవారు.

నగరవాసులను అంతగా నిందించిన ఈ యాత్రికుడే ఇమాం ఇబ్నుల్ జౌజీ ఉపన్యాస సభలకు వెళ్ళి కదిలిపోయారు. ఆ సభలలో జనం రోదిస్తూ తౌబా చేయుటను కళ్ళారా చూచి, ఈ ఒక్క అనుభవం కోసమైనా ఇంత దూర ప్రయాణం సార్థకమైనదని భావించారు. విద్య ఇంకా సజీవంగా ఉన్నది, వైద్యం ఉన్నది, వాక్పటిమ ఉన్నది. క్షీణించినది నగరం క్రింది నేల.

ఆ నెల మధ్యలో ఆయన ఉత్తరానికి కదిలారు. దుజైల్ కాలువ నీటితో పండే పల్లెలను చూచారు. 836 నుండి 892 వరకు ఖలీఫాల రాజధానిగా వెలిగిన సామర్రా దాదాపుగా శిథిలమై, చూచేవారికి గుణపాఠంగా నిలిచి ఉన్నది. తిక్రీత్ దాటాక ఖయ్యారా వద్ద నేల నుండి నల్లని కీలు ఉబికివచ్చే ఊటలను ఆశ్చర్యంతో వర్ణించారు. నేడు ఆ చోట చమురు బావులున్నాయి. చివరకు జంట ప్రాకారాల మోసుల్. అక్కడ మద్రసాలు, ఆస్పత్రులు, నిండు బజార్లు. పాడుపడుతున్న దక్షిణానికీ వర్ధిల్లుతున్న ఉత్తరానికీ గల తేడా ఆయన దినచర్యలో తేటగా కనిపిస్తుంది.

నేరం ఎవరిది?

ఇస్లామీయ నాగరికత పతనాన్ని హులాగూ ఒక్కని తలపై మోపుట పరిపాటి. 1258లో బాగ్దాద్‌లో జరిగిన హత్యాకాండ, గ్రంథాలయాల నాశనం కాదనలేని నిజాలు. కాలువల మర్మం తెలిసిన మనుషులే నశించిన తర్వాత కాలువలు నిలువవు. ఆ దెబ్బను తక్కువ చేసి చెప్పరాదు. కాని కూఫాను శిథిలంగా ఇబ్ను జుబైర్ చూచినది అంతకు 74 సంవత్సరాల ముందు. ఆ శిథిలాలకు తాతారులు కారకులు కారు.

కొన్ని సంఘటనలను వరుసగా చూడాలి. 869 నుండి 883 వరకు బస్రా ప్రాంతంలో జంజ్ తిరుగుబాటు సాగింది. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలచేత చవిటి నేలల పైపొరను తవ్వించి తీయించేవారు. వారి దుర్భర స్థితియే ఆ తిరుగుబాటుకు పునాది. 871లో వారు బస్రాను దోచి దగ్ధం చేశారు. బానిసలను విముక్తి చేయుటను పుణ్యకార్యంగా బోధించిన ధర్మానుయాయుల ఏలుబడిలోనే ఈ స్థితి ఏర్పడినదన్న సంగతి చరిత్రకారుడు దాచరాదు.

937లో ఇబ్ను రాయిఖ్ అనే సేనాధిపతి తన ప్రత్యర్థి బజ్‌కమ్ సేనను ఆపుటకు నహ్రవాన్ కాలువకు గండి కొట్టించాడు. తరతరాల శ్రమ ఒక్క రాజకీయ ప్రయోజనానికి బలి అయినది. 945లో బువైహీ వంశీయుడు ముయిజ్జుద్దౌలా బాగ్దాద్‌ను ఆక్రమించాడు. జీతాలకు ధనం లేక సవాద్ భూములను సైనికాధికారులకు ఇఖ్తాలుగా ఇచ్చాడు. వారు కాలువల సంరక్షణ పట్టించుకోలేదు. ఉన్నది పిండుకొని, నేల పాడయ్యాక దానిని వదలి బదులుగా మరొకటి అడిగేవారని చరిత్రకారుడు మిస్కవైహ్ ‘తజారిబుల్ ఉమమ్’లో వివరించాడు.

ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. సైన్యానికి సవాద్‌ను పంచిపెట్టమని సహాబీలు కోరినా హజ్రత్ ఉమర్ (రజి) నిరాకరించారు. మూడు శతాబ్దాల తర్వాత సరిగ్గా ఆ పనియే జరిగింది, అదీ సహాబీల నిష్ఠలో లేశమైనా లేని సైనికుల విషయంలో. ఆయన దేనికి భయపడ్డారో అదే సంభవించింది. రాబోయే వారి వాటాను ఉన్నవారు తిని వేశారు.

ఈ అభిప్రాయానికి నేల కూడా సాక్ష్యమిచ్చింది. దియాలా మైదానంలోని పాత కాలువలను, దిబ్బలను పరిశీలించి రాబర్ట్ ఆడమ్స్ అనే అమెరికన్ పురావస్తువేత్త 1965లో ఒక గ్రంథం ప్రకటించాడు. నహ్రవాన్ సీమలో గ్రామాలు తరిగిపోవుట మంగోలు దాడికి చాలా ముందే ఆరంభమైనదని అతని పరిశోధన తేల్చింది.

ఇబ్ను జుబైర్ తర్వాత 143 సంవత్సరాలకు, 1327లో ఇబ్ను బతూతా ఈ దారిన వచ్చాడు. అతడు బాగ్దాద్ పడమటి ఒడ్డున 13 మొహల్లాలు మిగిలినట్లు చెప్పాడు. అతని గ్రంథాన్ని లేఖనం చేసిన ఇబ్ను జుజై పలుచోట్ల ఇబ్ను జుబైర్ మాటలనే తీసుకున్నాడు. ఇక్కడి వర్ణన కూడా పాతదే. సంఖ్య మాత్రం పదిహేడుకు బదులు పదమూడు. వాక్యం యథాతథంగా నిలిచి అంకె మాత్రమే తగ్గుట కంటె నగర క్షీణతను చెప్పే చిత్రం వేరొకటి ఉండదు. అదే యాత్రలో బస్రా వెళ్ళిన ఇబ్ను బతూతా, జనావాసాలు కుదించుకుపోగా పాత మస్జిద్ ఊరికి రెండు మైళ్ళ దూరాన మిగిలిపోవుట చూచాడు. జుమా నాడు ఖతీబు వ్యాకరణ దోషాలతో ఖుత్బా చదువుట విని నిర్ఘాంతపోయాడు. ఖలీల్ ఇబ్ను అహ్మద్, సీబవైహ్‌లు అరబ్బీ వ్యాకరణాన్ని తీర్చిదిద్దిన నగరం అది! కాలువ పూడిన చోట కొంతకాలానికి భాష కూడా పూడిపోతుంది. పంట లేని ఊరిలో పండితుడు ఎన్నాళ్ళు నిలుస్తాడు?

మరమ్మతు

కృష్ణా, గోదావరి డెల్టాల పాఠకునికి ఇది పరాయి కథగా తోచదు. 1832-33లో గుంటూరు సీమను నాశనం చేసిన డొక్కల కరవు జ్ఞాపకం ఆ ప్రాంతంలో తరతరాలు నిలిచింది. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరు లేని రోజులవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, విజయవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తి అయిన తర్వాతనే ఆ మైదానాలు అన్నపూర్ణలని పేరు పొందాయి. కాలువ తవ్వుట, పూడిక తీయుట, గట్టు కాచుట అక్కడా తప్పవు. ఆ పనికి తెలుగువారు వాడే ‘మరమ్మతు’ అన్న మాట కూడా అరబ్బీ మూలం నుండి వచ్చినదే.

ఇరాఖ్‌లో కూడా ఆ పని మళ్ళీ మొదలైనది. 1913లో హిల్లాకు ఎగువన హిందియా వద్ద ఫురాత్‌పై బ్యారేజి నిర్మాణం పూర్తి అయినది. దాని రూపకర్త విలియం విల్‌కాక్స్ భారతదేశంలో జన్మించి, రూర్కీలో విద్య నేర్చిన ఇంజనీరు. 1939లో దజ్లాపై కూత్ బ్యారేజి వచ్చింది. కాని చవుడు సమస్య తీరలేదు. ఎగువ దేశాలలో కట్టిన ఆనకట్టల వలన దిగువకు చేరే నీరు తగ్గింది. సవాద్ మళ్ళీ పరీక్షకు నిలిచి ఉన్నది.

ఇబ్ను జుబైర్ 1217లో అలెగ్జాండ్రియాలో పరమపదించారు. హిల్లా నుండి బాగ్దాద్ వరకు తాము దాటిన ఆ చిన్న చిన్న వంతెనలను గూర్చి ఆయన వ్రాసిన కొద్ది వాక్యాలు ఎనిమిది శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. వంతెనలు లేవు. ఫురాత్ ఒడ్డున ఒక గొర్రెపిల్ల నష్టపోయినా అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారన్న ఉల్లేఖనం ముస్లిములందరికీ సుపరిచితం. ఆ మాట పాలకుని దయాగుణానికి ఉదాహరణగా సాధారణంగా చెప్పబడుతుంది. సవాద్ చరిత్ర చదివిన తర్వాత దానిలో మరొక అర్థం స్ఫురిస్తుంది. గొర్రెపిల్ల బ్రతకాలంటే ఒడ్డున గడ్డి ఉండాలి, గడ్డి ఉండాలంటే కాలువలో నీరు ఉండాలి, నీరు రావాలంటే ఎవరో ఒకరు పార పట్టుకొని పూడిక తీయాలి. ప్రశ్న ఆ పార వరకు వస్తుంది.